ప్రశ్నకో కుర్చీ

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో నమ్రత వాళ్ళింట్లో శనివారం పొద్దునంటే దోసెలే. ఆవిడ పెనం మీద నీళ్ళు చిలకరిస్తుంది, మొగుడు ఉమాకాంత్ కాఫీ కలుపుతాడు. ఉండేది ఇద్దరే అయినా టేబుల్ చుట్టూ కుర్చీలు మాత్రం బోలెడు. నమ్రత అడిగిన ప్రశ్నకి నిజమైన జవాబు రాకపోతే, ఆ ప్రశ్న కుర్చీ లాక్కుని కూర్చుంటుంది మరి. కంటికి కనపడదు, కుర్చీ మెత్త మాత్రం లోపలికి దిగుతుంది. నిజం చెబితే లేచి వెళ్ళిపోతుంది. ఆవిడ కార్ల విడిభాగాలు తనిఖీ చేసే ఆఫీసులో మీటింగ్‌కి ముందే ఎవరో ఒకరు రెండు కుర్చీలు ఎక్కువ తెచ్చి వేస్తారు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు "పేరుకే నమ్రత" అని ఓ నిట్టూర్పు విడిచి, పక్కకి జరిగి ప్రశ్నకి చోటిచ్చింది.

ఉమాకాంత్ బ్రేకులు డిజైన్ చేస్తూ జుట్టు నెరిసినవాడు. వేసవికి ముందు ఉద్యోగం పోయింది. అప్పట్నుంచీ అతని బుర్రలో క్రిప్టో మైనింగ్ దూరింది. ఇంటి మీద లోన్ తీసి, మైనింగ్ మెషీన్లు కొని, బేస్‌మెంట్ నిండా పెట్టి వదిలేస్తే, రాత్రింబవళ్ళు లెక్కలు కట్టి అవే డిజిటల్ కాయిన్లు సంపాదించి పెడతాయట. నమ్రత వద్దంటే వినడు. ఇల్లు పోతుందేమోనని ఆవిడ భయం.

ఆ శనివారం మెషీన్లు తయారుచేసే కంపెనీ నుంచి సేల్స్ మేనేజర్ చక్రధర్ వచ్చాడు. గుళ్ళో పరిచయమైన మనిషే, ఉమాకాంత్‌ని అన్నా అనీ నమ్రతని వదినా అనీ పిలుస్తాడు. బూట్ల పెట్టెకి కాస్త పెద్దదైన మెషీన్ ఒకటి తెచ్చి, బట్టలారబెట్టే డ్రయ్యర్ ప్లగ్‌లో పెట్టి ఆన్ చేశాడు. నాలుగు వాక్యూమ్ క్లీనర్లు ఒక్కసారే మొదలెట్టినంత రొద. ఆపేశాక, ఇది బంగారు గుడ్లు పెట్టే బాతు వదినా అన్నాడు.

నమ్రత దోసె తిరగేస్తూ అడిగింది. "అంత మంచి బాతయితే మీ కంపెనీవాళ్ళే పెంచుకోవచ్చుగా చక్రధర్? మాకెందుకు అమ్ముతున్నారు?"

పదిమందీ బాగుపడాలనే కదా అన్నాడు చక్రధర్. కుర్చీ ఒకటి కిర్రుమంటూ వెనక్కి జరిగింది. మా ఫోకస్ అంతా తయారీ మీదే అన్నాడు. మెత్త ఇంకాస్త దిగింది. ఉమాకాంత్ లేచి దాని ముందు ఓ ప్లేటు పెట్టాడు.

చక్రధర్ బయల్దేరితే ప్రశ్నా బయల్దేరింది. కార్‌లో పక్కసీట్లో కూర్చుంటే, బెల్ట్ పెట్టుకోమని దారి పొడుగునా కారు ఒకటే గోల. డెమోలకి వెళితే ముందు వరసలో అదే. జనం స్లైడ్లు మానేసి ఆ కుర్చీకేసి చూసి, ఆలోచించి చెప్తామండీ అని లేచిపోయేవారు.

మళ్ళీ శనివారానికి లోన్ కాగితాలు పట్టుకుని, పీక్కుపోయిన మొహంతో వచ్చాడు. వెనకాలే వచ్చి ప్రశ్న తన కుర్చీలో తను కూర్చుంది. వదినా, నీ ప్రశ్న నువ్వు తీసేసుకో, నీకు దణ్ణం పెడతాను అన్నాడు. ఉమాకాంత్ కూడా, పరువు పోతోంది, తీసేసుకో అన్నాడు. నమ్రతకి ఒళ్ళు మండింది.

"తీసుకోను. ఈ ఇల్లు నాది కూడా. లోన్ కాగితం మీద నా సంతకం కూడా పడాలి. నాకు జవాబు కావాలి, అంతే."

చక్రధర్ రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. "మా మావయ్య పందెం కోళ్ళు పెంచి అమ్మేవాడు వదినా. బాదంపప్పులు మేపేవాడు. ఒక్కనాడూ పందెం కాయలేదు. ఏ కోడి గెలిచినా, ఏది చచ్చినా, ఆయన డబ్బు ముందే చేతిలో పడేది. మేమూ అంతే."

అక్కణ్ణుంచి మాట ఆగలేదు. మెషీన్ గడప దాటకముందే కంపెనీకి డబ్బు ముడుతుంది. ఆ తర్వాత కరెంటు బిల్లు కొన్నవాడిది, కాయిన్ ధర పడితే ఆ ఏడుపూ వాడిదే. రోజూ పుట్టే కాయిన్లు పెరగవు, పంచుకునే మెషీన్లు పెరుగుతాయి, కాబట్టి అమ్మిన ప్రతి కొత్త మెషీనూ పాత మెషీన్ వాటా కొరుకుతుంది. ఇంకో మోడల్ వచ్చిందా, ఇది పాత ఇనుము కిందే లెక్క.

కుర్చీ మెత్త మెల్లగా పైకి పొంగింది. వీధి తలుపు తెరుచుకుని మర్యాదగా మూసుకుంది. రేపట్నుంచి ఏం చెప్పి అమ్మను వదినా అన్నాడు చక్రధర్. ఇదే చెప్పి అమ్ము, కొనేవాడు కళ్ళు తెరుచుకుని కొంటాడు అంది నమ్రత.

అంతా విని కూడా ఉమాకాంత్ పెన్ను తీశాడు. రిస్క్ లేనిది ఎక్కడుంది అన్నాడు.

నమ్రత స్టవ్ కట్టేసింది. ఒక ప్రశ్న వేసవి నుంచీ ఆవిడ నాలుక చివరే ఉంది. అడిగితే అది ఈ ఇంట్లో జన్మంతా కూర్చుండిపోతుందేమోనని భయపడి మింగేస్తూ వచ్చింది. ఇంక మింగదల్చుకోలేదు.

"ఉమా, నీకు కాయిన్లు కావాలా? మళ్ళీ ఇంటర్వ్యూకి వెళ్ళకుండా ఉండటానికి సాకు కావాలా?"

కుర్చీ జరగబోయింది. ఉమాకాంత్ దాని వీపు గట్టిగా పట్టుకుని ఆపాడు.

"భయమే నమ్రతా. నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు నన్ను వద్దంటుంటే ఇంకోసారి వినలేను."

కుర్చీ కదలడం మానేసింది. ఉమాకాంత్ అందులో తనే కూలబడి, సంతకం పెట్టని కాగితాలు చక్రధర్ వైపు తోశాడు. నమ్రత వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ కళ్ళు తడిసి ఉన్నాయి, గొంతు మాత్రం నిక్కచ్చిగా ఉంది.

"నువ్వు వెళ్ళు. ఎవడు వద్దంటాడో అననీ. మర్నాడు నేనెళ్ళి ఎందుకు వద్దన్నావని అడుగుతాను. వాళ్ళ ఆఫీసులో ఎన్ని కుర్చీలున్నాయో చూద్దాం."