సబ్బులో కొసరు

లివాయ్ కాగితం మీద ఎప్పుడూ తప్పు చేయదు. నాకు ఒళ్లు మండేది అందుకే. లెక్క రాని పిల్లలకు ఏం చెప్పాలో నాకు తెలుసు, ఏళ్ల తరబడి గొంతు చించుకుని చెబుతూనే ఉన్నాను. లెక్క వచ్చిన పిల్ల చేసిన సబ్బు చేతులు కాలిస్తే ఏం చెప్పాలి?

మా బడిలో పదకొండో తరగతి సైన్సు విభాగానికి మొదటి ప్రయోగం ఏటా సబ్బే. మా ఊళ్లో కొబ్బరినూనెకు కొదవ లేదు, కాస్టిక్ సోడా డబ్బా బీరువాలో ఉండనే ఉంది. పాఠం మాత్రం నేను బడి గేటు ముందు ఆగే ట్రైసికిల్‌తో మొదలుపెడతాను. ఒక బండికి మూడు చక్రాలు. బండి అంటే నూనెలోని కొవ్వు అణువు, చక్రం అంటే సోడా. మీ నూనె బరువును బట్టి అందులో ఎన్ని బండ్లున్నాయో లెక్క కట్టండి, వాటికి సరిపడా చక్రాలు తూచి వేయండి, అంతే. పిల్లలు నవ్వుతారు గానీ మరిచిపోరు.

లివాయ్ అందరికంటే ముందు లెక్క తేల్చి, వేడినీళ్ల గిన్నె మీద ఉడికించి, సబ్బు ముద్ద అచ్చులో పోసింది. అది చల్లారి గట్టిపడిందో లేదో, పక్క బల్ల జోమార్ దాంతో చేతులు కడిగేసుకున్నాడు. పరీక్షించేదాకా ముట్టుకోవద్దని నేను అరుస్తూనే ఉన్నాను. బయట పంచదార పట్టించి పుల్లకు గుచ్చి అమ్మే అరటిపండ్లు వేగుతుంటే, తినే తొందరలో వాడికి నా మాట వినపడుతుందా?

"అమ్మోయ్! మేడమ్, ఇది సబ్బా, పచ్చిమిరపకాయా?"

వాడి చేతులు కుళాయి కింద పెట్టి, మంట తగ్గేదాకా వదల్లేదు. తర్వాత ఆ సబ్బు మీద పరీక్ష మందు చుక్క వేశాను. చుక్క ముదురు గులాబీ రంగుకు తిరిగింది. అంటే లోపల సోడా మిగిలిపోయింది. లివాయ్ కాగితం తెప్పించుకుని కిందినుంచి పైకి చూశాను. ఒక్క అంకె తప్పు లేదు.

"కాగితం కరెక్టు, సబ్బు తప్పు. మధ్యలో ఏ దెయ్యం దూరిందే?"

"తెలీదు మేడమ్. లెక్కలో వచ్చినంతే తూచాను."

అబద్ధం చెప్పే పిల్ల కాదు. అదే ఇంకా చిరాకు. ప్రయోగం రెండోసారి కూడా పోతే లివాయ్‌ని వ్యాపార విభాగానికి మార్చేస్తారు, మా బడిలో నియమం అది. ఆ కాగితం మీద సంతకం చేయాల్సింది నేను. ఆ పిల్లకేమో మందుల చదువు చదవాలని ప్రాణం.

శనివారం ఎండు చేపలకు సంతకి వెళ్లాను. లివాయ్ వాళ్లమ్మ ఆలింగ్ పురింగ్ కొట్లో త్రాసు దగ్గర కూతురే ఉంది. లివాయ్ ఎవరికో చేపలు తూస్తూ, పక్క కొట్టు పిల్లతో కబుర్లాడుతోంది. ముల్లు సరిగ్గా నిలిచింది. సంచీ ముడి వేసే ముందు లివాయ్ చెయ్యి, తనకు చెప్పకుండానే అన్నట్టు, గంపలోకి వెళ్లి ఇంకో గుప్పెడు తెచ్చి పైన వేసింది. కళ్లు అటు తిరగనైనా లేదు.

నేను నడి సంతలో నిలబడిపోయాను.

"రండి మేడమ్, రండి!" అంది ఆలింగ్ పురింగ్. "మా పిల్ల ఎవరి చేతులో కాల్చేసిందంటగా? జోమార్ వాళ్లమ్మ సంతంతా చాటింపేసింది."

"ఇప్పుడా గుప్పెడు ఎందుకు వేసింది?"

"కొసరు మేడమ్! కొసరు లేకుండా సంచీ చేతికెలా ఇస్తాం? ముల్లు దగ్గర ఆపేస్తే మా మొహం మళ్లీ ఎవరు చూస్తారు?"

నేను లివాయ్ వైపు తిరిగాను. "సోడాకి కూడా వేశావు కదూ?"

ఆ పిల్ల తన చేతిని వేరేవాళ్ల చెయ్యి చూసినట్టు చూసుకుంది. "వేసే ఉంటాను మేడమ్. సరిగ్గా ఆపితే ఏదో తక్కువ పెట్టినట్టుంటుంది."

"అయితే వ్యాపారంలోకే పోవే తల్లీ," అంది ఆలింగ్ పురింగ్. "నీ చేతికొచ్చిన పని అదేగా."

ఆవిడ ప్రేమగానే అంది. లివాయ్ కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది. జాలేస్తే నా నోరు ఇంకా పదునెక్కుతుంది.

"సోమవారం మళ్లీ చెయ్యి. సోడాకి కొసరు వేశావంటే నేనే బయటికి పంపిస్తా."

సోమవారం పొద్దున క్లాసంతా ఆ పిల్ల బల్ల చుట్టూ మూగింది. లివాయ్ నూనె తూచింది. సోడా తూచింది. అంకె సరిగ్గా వచ్చింది. చెంచా చివర ఇంకో చిటికెడు పలుకులు మిగిలాయి, చెయ్యి త్రాసు మీదే ఆగిపోయింది. చివరికి ఆ చిటికెడు డబ్బాలో వేసి, మూత బిగించి, డబ్బా జోమార్‌కి ఇచ్చింది.

"నాకు కనపడకుండా దాచు."

"నీకేనా, మా అమ్మకి కూడా కనపడనివ్వను," అన్నాడు వాడు.

నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో, ఆ పిల్ల నూనె సీసా ఎత్తి గిన్నెలో ఇంకాస్త పోసింది!

"ఆగు! చెప్పింది చెవికెక్కలేదా? లెక్కలో అంత లేదు!"

"లేదు మేడమ్. కొసరు నూనెకి వేశాను." గొంతు సన్నగా ఉంది గానీ సీసా దించలేదు. "చక్రాలు మిగిలితే దొర్లిపోయి ఎవరి కాలి మీదో పడతాయి. బండ్లు మిగిలితే ఊరికే నిలబడి ఉంటాయి. ముందు సోడా అయిపోవాలి మేడమ్. నూనె మిగిలితే ఎవరి చెయ్యీ కాలదు."

"ఎంత మిగులుతుంది? నోటిమాట కాదు, బోర్డు మీద చూపించు."

లివాయ్ నూనెను మళ్లీ తూచి, బోర్డు దగ్గరికెళ్లి ఈసారి సోడా వైపునుంచి మొదలుపెట్టింది. ఇన్ని చక్రాలకు ఎన్ని బండ్లు కడతాయి, వాటికి ఎంత నూనె ఖర్చవుతుంది, గిన్నెలో ఎంత నిలుస్తుంది. అది నేను ఇంకా చెప్పని పాఠం. దేని తర్వాత ఏది అడగాలో ఆ పిల్ల తనను తానే అడుగుతూ రాసింది. సంతోషం వేస్తే నేను దగ్గుతాను, అందుకని దగ్గాను.

సబ్బు ఉడికింది, చల్లారింది. చుక్క వేశాను. అందరం వంగి చూశాం. చుక్క నీళ్ల చుక్కలాగే ఉండిపోయింది. జోమార్ ముందు ఒక వేలు పెట్టాడు, తర్వాత రెండు చేతులూ నురగలో ముంచేశాడు.

"మెత్తగా ఉందే! మా అమ్మకో ముక్క ఇవ్వవా?"

ప్రయోగం నెగ్గిందని లివాయ్ కాగితం మీద నేను సంతకం పెట్టి తలెత్తేసరికి లివాయ్ సబ్బు కోసి, వాడి వాటా కాగితంలో చుట్టబోతోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ పిల్ల నా వైపు చూసింది.

"వెయ్యి," అన్నాను.

ఇంకో చిన్న ముక్క కోసి పైన పెట్టింది.