వెనక మెట్ల తలుపు

ఎగ్జిట్ అంటే చాలదట. మా హాస్టల్ బిల్డింగ్ ప్లాన్‌లో వెనక మెట్ల దగ్గర ‘ఈగ్రెస్’ అని రాసి ఉంది. ఆ మాట చూసి మా కరస్పాండెంట్ విష్ణువర్ధన్ మురిసిపోయాడు. ప్రొద్దుటూరులో ఇంకే హాస్టల్లోనూ ఇలాంటి మాట ఉండదని, ఎర్ర అక్షరాలతో బోర్డు చేయించి మూడో అంతస్తు వెనక తలుపు మీద కొట్టించాడు.

ఆ తలుపు తెరుచుకోదు. రెండేళ్ల కిందట ఒక పిల్ల ఆ మెట్లు దిగి పులివెందులలో వాళ్లింటికి వెళ్లిపోయిందని వెల్డింగ్ పెట్టించాడు మహానుభావుడు. దానికి ఆనించి విరిగిన మంచాలు పడేశారు. ఆ అంతస్తులో పడుకునేది నూట పది మంది ఆడపిల్లలు. నిప్పంటుకుంటే దిగడానికి ముందువైపు ఒక్క ఇరుకు మెట్లదారే గతి. థూ, ఇదీ ఒక హాస్టలే.

"మైత్రేయి మేడమ్, రేపు తనిఖీకి ఆఫీసరు సారు వస్తాండారు. పిల్లోల్లకు ఆ మాట నేర్పండి. అర్థమూ, వాడకమూ రెండూ. ఇంగ్లీషు మాట్లాడే పిల్లోల్లంటే ఆ సారుకు శానా ఇష్టం" అన్నాడు.

"తలుపే తెరిపిద్దాం సార్."

"మీ సర్టిఫికెట్లు నా బీరువాలోనే ఉండాయి గదా మేడమ్" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఒంటి మీద జెర్రి పాకినట్టు కంపరమెత్తింది.

అయినా నేర్పాను. సిగ్గులేకుండా బోర్డు మీద రాసి మరీ నేర్పాను. ఈగ్రెస్ అంటే బయటికి పోవడం, బయటికి పోయే దారి. తలా ఒక వాక్యం సొంతంగా రాసుకురమ్మన్నాను.

మర్నాడు అధికారి వచ్చాడు. మంచాలు కనబడకుండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫ్లెక్సీ అడ్డం కట్టారు. ఆయన బాదంపాలు చప్పరిస్తూ బోర్డు చదివి, అర్థం ఎవరు చెబుతారన్నాడు. జమ్మలమడుగు పిల్ల ఆఫ్రీన్ లేచి చెప్పింది.

"ఏదీ, వాక్యంలో పెట్టు."

మా హాస్టల్‌కు ఈగ్రెస్ లేదు, ఆ తలుపును వెల్డింగ్ చేశారు అని, ఇంగ్లీషులోనే, తడబడకుండా చెప్పింది.

అధికారి నా వైపు తిరిగాడు. "ఏం మేడమ్, నిజమేనా?"

ఆ ఫ్లెక్సీ ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. విష్ణువర్ధన్ నన్నే చూస్తున్నాడు. ఇరవై ఏళ్లు చదువు చెప్పిన ఈ నోటితోనే అన్నాను: "ఉదాహరణకు రాసుకున్న వాక్యం సార్."

"ఉచ్చారణ చూడప్పా, ఎంత బాగుందో" అని ఆయన చప్పట్లు కొట్టాడు. విష్ణువర్ధన్ కూడా కొట్టాడు. సంతకమైపోయింది. కక్కొచ్చింది నాకు, వాళ్లను చూసి కాదు.

సాయంత్రం బ్యాగు తగిలించుకుని దిగుతుంటే ఆఫ్రీన్ మెట్ల మీద ఆపింది.

"మేడమ్, నా వాక్యంలో తప్పుండాదా?"

"లేదమ్మా."

"మీరు రేత్రికి ఈడ పండుకుంటారా?"

ఆ పిల్ల కళ్లలో కోపం కూడా లేదు. ఉంటే బాగుండేది.

"లేదమ్మా. ఇంటికి పోతాండా."

"సరే, పోండి మేడమ్" అని పక్కకు జరిగి దారి ఇచ్చింది.

బయటికి వచ్చేశాను.