వెనక సీటు బరువు

బతికున్నంతకాలం నా చేతికి హ్యాండిల్ ఇవ్వని మనిషి, పోయాక వచ్చి నా వెనక సీట్లో కూర్చుంటున్నాడు. ఈ మాట ఎవరితోనైనా అంటే నన్ను ఆసుపత్రికి తీసుకుపోతారని తెలుసు కాబట్టి ఎవరితోనూ అనలేదు. ఆయనతోనే అన్నాను, అదీ బండి మీద, గాలిలో, గొంతు చించుకుని. "ఇప్పుడెందుకండీ ఎక్కారు? నేను నడిపితే కళ్ళు తిరుగుతాయన్నారుగా!" జవాబు లేదు. ఉన్నప్పుడు మాత్రం ఏం జవాబిచ్చారు గనక.

మాది నీళ్ళ శాఖలో పని. కొండ మీది ఊళ్ళలో బావులూ ఊటలూ తిరిగి, సీసాల్లో నీళ్ళు పట్టి తెచ్చి పరీక్షకు ఇవ్వాలి. నీళ్ళు పట్టేది నేను, బండి నడిపేది ఆయన. తారురోడ్డుకూ మట్టిదారికీ రెంటికీ పనికొచ్చే తేలికపాటి బండి అది. సీటు మాత్రం ఎత్తు. ఎక్కాలంటే ఆయన భుజం పట్టుకుని ఎక్కేదాన్ని. ఒక మధ్యాహ్నం అన్నం తిని, కుర్చీలో కునుకు తీస్తూ, ఆయన అలాగే పోయారు. బండి తప్పు లేదు. ఎవరి తప్పూ లేదు. తిట్టడానికి ఒక్కరంటే ఒక్కరు దొరకలేదు, అదే నా కడుపుమంట.

తర్వాత బండి నేనే నేర్చుకున్నాను. మొదట్లో ఏమీ లేదు. వానలు వెలిశాక ఒకరోజు, పంపుహౌసు దాటి, తారు అయిపోయి మట్టి మొదలయ్యే చోట గేరు తగ్గించాను. ఎవరో కాలు అవతలికి వేసి కూర్చున్నట్టు బండి వెనక కిందికి దిగింది. ముందు చక్రం తేలికైంది. పెట్టెలో ఉన్నవి ఖాళీ సీసాలు. వెనక మనిషి ఎక్కితే బండి ఎలా దిగుతుందో నాకు తెలియదా? ఇన్నేళ్ళూ ఎక్కి కూర్చున్నది నేనే కదా. తిరిగి చూడలేదు. చూస్తే లేచి వెళ్ళిపోతారేమోనని భయం వేసింది.

అప్పటినుంచి కొండ రూటుకు వెళ్ళిన ప్రతిసారీ అంతే. మట్టి మొదలవగానే ఎక్కుతారు, వచ్చేటప్పుడు తారు తగలగానే దిగిపోతారు. ఊళ్ళో తిరిగే రూట్లకు రారు. ఆయనకు మొదటినుంచీ ట్రాఫిక్ అంటే పడదు.

చిక్కల్లా స్ప్రింగుతో వచ్చింది. వెనక అంత బరువుంటే ఫ్యాక్టరీ వాళ్ళు వేసిన మెత్తటి స్ప్రింగు అడుగంటుతుంది. గుంతలో పడ్డప్పుడల్లా వెనక ధడేల్మని కొట్టుకుంటుంది, పెట్టెలో సీసాలు పగులుతాయి. ఆయనైతే గుంతలు తప్పించి నడిపేవారు, నాకింకా ఆ ఒడుపు రాలేదు. మళ్ళీ మళ్ళీ పగిలేసరికి మా సూపర్‌వైజరు పిలిచాడు.

"చూడమ్మా, ఇంకోసారి పగిలాయంటే కొండ రూటు జీపు వాళ్ళకిచ్చేస్తా. నువ్వు హాయిగా ఊళ్ళో కుళాయిలు చూసుకో."

హాయిగానట! నా ఒళ్ళు మండిపోయింది. కొండ రూటు పోతే ఆయన ఎక్కడ ఎక్కుతారు? స్ప్రింగు మార్చకపోతే రూటు పోతుంది, రూటుతోపాటు ఆయనా పోతారు. మారిస్తే? గట్టి స్ప్రింగు మీద ఆయన వచ్చి కూర్చున్నా నాకు తెలియకపోతే? అసలు ఆయనకు చోటే లేకుండా పోతే? ఏ వైపు నుంచి ఆలోచించినా చివరికి వెనక సీటు ఖాళీగానే కనిపించింది. రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు. చివరికి నాకొక ఉపాయం తోచింది.

శనివారం బండి మా మరిది షెడ్డులో వదిలి, ఆదివారం పొద్దున టీ ఫ్లాస్కుతో వెళ్ళాను. టైర్ల దుకాణం వెనక రేకుల షెడ్డు వాడిది. ఇలాంటి కొండదారి బండ్లు తప్ప ఇంకేవీ ముట్టడు. గోడ నిండా కొక్కేలకు స్ప్రింగులు వేలాడుతుంటాయి, ఏది ఎంత గట్టిదో తెలిసేలా ఒక్కోదానికి ఒక్కో రంగు చుక్క. లోకం తలకిందులైనా వాడు నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. చెవులు మాత్రం అచ్చం వాళ్ళ అన్నయ్యవి.

"నడిపి చూశావా?" అన్నాను.

"నిన్న మట్టిదారి దాకా వెళ్ళొచ్చా వదినా."

"ఎలా ఉంది?"

వాడు నా వైపు చూడలేదు. స్పానర్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుతూ కూర్చున్నాడు. "వెనక బాగా దిగిపోతోంది. స్ప్రింగు అలిసిపోయుంటుంది. మార్చాల్సిందే."

నాకు కోపం వచ్చింది. అలిసిపోయిందట. మొగుణ్ణి పట్టుకుని అలిసిపోయిన ఇనుము అంటే ఎవరికి రాదు?

"స్ప్రింగు ఎక్కే మనిషిని బట్టి వెయ్యాలి," అన్నాడు వాడు. "మెత్తనైతే అడుగంటుతుంది. మరీ గట్టిదైతే చిన్న రాయి తగిలినా ఎగరేసి కింద పడేస్తుంది. నీ బరువెంత?"

"కూరగాయలు తూస్తున్నావా? ఆడదాన్ని పట్టుకుని బరువు అడుగుతావేంటి?"

"తగ్గించి చెబితే నీ నడుమే పోతుంది వదినా, నాదేం లేదు."

చెప్పాను, నిజమే చెప్పాను. వాడు సుద్దముక్కతో నేల మీద వేసుకున్నాడు. "సామాను?"

ఇదిగో, నా ఉపాయం ఇక్కడే. "సీసాల పెట్టె ఉంది కదా. ఈమధ్య బ్లీచింగ్ బస్తాలు కూడా నా చేతే మోయిస్తున్నారు. పెట్టె కాకుండా అదొక డెబ్భై కిలోలు వేసుకో," అన్నాను. బ్లీచింగూ లేదు, బస్తాలూ లేవు. ఆయన డెబ్భై ఉండేవారు.

అబద్ధం ఆడుతుంటే నా చెవులు వేడెక్కాయి. వాడు గమనించలేదు. నాకు కనపడకుండా వీపు తిప్పి, నేల మీద చాలాసేపు లెక్కలు వేసి, చేత్తో చెరిపేశాడు. లేచి వెళ్ళి గోడ మీద అన్నిటికన్నా లావు తీగతో చుట్టిన స్ప్రింగు దించాడు.

బండిని స్టాండు మీదికెక్కించి, సీటు ఊడదీసి, వెనక చక్రం దించి, మధ్యలో ఉన్న షాక్ అబ్జార్బరును బయటకు లాగాడు. స్ప్రింగును బిగింపులో పెట్టి నొక్కి, పైన ఉన్న రింగు విప్పి, పాతది తీశాడు. మట్టి కొట్టుకుపోయి, అక్కడక్కడా రంగు లేచిన స్ప్రింగు. గుడ్డతో తుడిచి, ఎంత కుంగిపోయిందో చూపిస్తానని బల్ల మీద నిలబెట్టాడు. దాని పక్కన అదే రకం కొత్తది తెచ్చి నిలబెట్టాడు. నా ఫ్లాస్కు కూడా అక్కడే ఉంది.

రెండు స్ప్రింగులూ సమానంగా ఉన్నాయి. రెండూ సరిగ్గా నా ఫ్లాస్కు మూత పైదాకా వచ్చాయి. మరిది వంగి, ఒక కన్ను మూసి చూశాడు. చుట్లు ముట్టుకుని చూశాడు.

"వెంట్రుకవాసి తేడా లేదు వదినా," అన్నాడు నెమ్మదిగా. "ఇది అలిసిపోలేదు."

"మరి బండెందుకు దిగుతోంది?"

వాడు గుడ్డ తీసుకుని పాతదాన్ని మళ్ళీ తుడవసాగాడు. నేను మళ్ళీ అడగలేదు. బయట టైర్ల దుకాణంలో ఎవరో గాలి పట్టిస్తున్నారు.

లావు స్ప్రింగు బిగించి బండిని కిందికి దించాడు. ఇప్పుడు కొలవాలి. ఈ కొలతకు ముగ్గురు కావాలి. ఒకరు బండి ఎక్కి కూర్చోవాలి, ఒకరు హ్యాండిల్ పట్టుకుని నిలబెట్టాలి, ఒకరు వెనక చక్రం ఇరుసు నుంచి సీటు కింద పెట్టిన గుర్తు దాకా టేపుతో చూడాలి. మనిషి ఎక్కినప్పుడు ఆ గుర్తు నాలుగు వేళ్ళ మందం దిగితే స్ప్రింగు సరిపోయినట్టు. ఇదివరకు ఈ షెడ్డులో హ్యాండిల్ పట్టుకునేది ఆయన. ఇప్పుడు మేమిద్దరమే. నేను ఒక చేత్తో షెడ్డు స్తంభం పట్టుకుని ఎక్కాను. సీసాల పెట్టె వెనక కట్టే ఉంది.

"ఎంత దిగింది?"

"దిగలేదు."

"సరిగ్గా చూడు."

"వేలెడు కూడా దిగలేదు వదినా. ఓసారి గట్టిగా కూర్చో."

లేచి దబ్బున కూర్చున్నాను. సీటు నన్నే పైకి తోసింది. డెబ్భై కిలోలు ఎక్కువ చెప్పానని తెలుసు, కానీ మరీ బండరాయి మీద కూర్చున్నట్టుంది. ఇందులో ఇంకా ఏదో ఉందనిపించింది. "ఏం వేశావురా నాయనా!" అని అరిచాను.

మరిది టేపు వదిలేసి నేల మీద చతికిలబడ్డాడు. తల దించుకుని, గ్రీసు చేతులు చూసుకుంటూ అన్నాడు. "నువ్వు చెప్పిన దానికి నేనొక డెబ్భై కలిపా వదినా."

"ఎందుకు?"

"నవ్వకు మరి. నిన్న మట్టిదారి మీద నా వెనక ఎవరో ఎక్కి కూర్చున్నారు. నేను నడిపితే అన్నయ్య ఎప్పుడన్నా ఎక్కాడా? నీ బండెక్కడం కన్నా నడిచొస్తా అనేవాడు. నిన్న ఎక్కాడు. దారంతా కూర్చున్నాడు." వాడు టేపు తీసి వేలికి చుట్టుకున్నాడు. "స్ప్రింగు నీ ఒక్కదానికే వేస్తే అన్నయ్యని నా చేత్తో నేనే దించేసినట్టుంటుంది. అందుకని."

సీటు మీంచి వాడి వైపు వంగాను. "బ్లీచింగ్ బస్తాలు లేవు అబ్బాయ్. ఆ డెబ్భై కూడా మీ అన్నయ్యే."

వాడు తలెత్తి చూశాడు. నేను వాడి వైపు చూశాను. ఒక్క మనిషికి ఇద్దరం రెండు చోట్లు ఉంచాం. ముందు వాడికి నవ్వొచ్చింది, తర్వాత నాకు. స్తంభం పట్టుకుని పడీ పడీ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులో పడ్డాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. మరిది గ్రీసు చేత్తోనే కళ్ళు తుడుచుకుని ముఖమంతా నలుపు చేసుకున్నాడు.

"ఇది తీసేద్దాం," అన్నాడు చివరికి. "దీంతో మొదటి మలుపులోనే పడిపోతావు. నీకూ పెట్టెకూ సరిపడేది వేస్తా."

"ఒక్క డెబ్భై ఉంచు. రెండూ వద్దు, ఒక్కటి."

"అన్నయ్య రాని రోజో?"

"వస్తారు."

"వదినా." వాడు లేచి వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు, సరిగ్గా ఆయన పట్టుకునే చోటే. "అన్నయ్య పోయాడు. నువ్వు కూడా పోతే నేనెవర్ని వదినా అని పిలవాలి?"

వాడు జన్మలో అంత మాట అని ఎరగడు. నేను బండి దిగాను. "వెయ్యి," అన్నాను. "నా ఒక్కదానికే వెయ్యి."

పాతదానికన్నా ఒక మెట్టు గట్టిది వేశాడు. ఎక్కి కూర్చుంటే నాలుగు వేళ్ళూ దిగింది, చక్కగా సరిపోయింది. పాత స్ప్రింగు వాడు ఇనుప సామాన్ల డబ్బాలో పడేయబోతే లాక్కుని, ఫ్లాస్కు సంచిలో వేసుకుని, ఆ సంచి ఒంటి చేత్తో ఊపుకుంటూ ఇంటికొచ్చాను. ఆయన కునుకు తీసే కుర్చీ పక్కన గచ్చు మీద నిలబెట్టాను. ఎందుకు తెచ్చానంటే ఏం చెప్పను? తెచ్చాను, అంతే.

మర్నాడు కొండ రూటు. పంపుహౌసు దగ్గర తారు అయిపోయింది. గేరు తగ్గించాను. ఏమీ లేదు. బండి ఆపి, ఇంజను ఆర్పి, కాళ్ళు అందక వేళ్ళ మీద నిలబడి ఎదురుచూశాను. "ఎక్కండి," అన్నాను. గడ్డిలో గాలి తప్ప ఏమీ లేదు. "ఏమండీ, మిమ్మల్నే. ఇదివరకు చెప్పకుండానే ఎక్కేవారు, ఇప్పుడు బొట్టు పెట్టి పిలవాలా?"

ఎక్కలేదు. బండి ఎంత బాగా పోయిందో చెప్పలేను. గుంతలన్నీ ఎవరో పూడ్చినట్టున్నాయి. ఒక్క సీసా పగల్లేదు. వచ్చేటప్పుడు కూడా అదే చోట ఆగాను, ఎవరూ దిగలేదు. దిగడానికి ఎవరున్నారు? సూపర్‌వైజరు పెట్టె తెరిచి చూసి, "చూశావామ్మా, స్ప్రింగు మారిస్తే ఎంత బాగుందో! ఇక ఆ రూటు నీదే," అన్నాడు. ఆ సీసాల్లో ఒకటి తీసి వాడి నెత్తిన బద్దలు కొట్టాలనిపించింది.

ఇంటికొచ్చేసరికి ఎండ వాలుతోంది. తాళం తీసి, హెల్మెట్ విసిరేసి, చేతిలో ఉన్న ఫ్లాస్కును కుర్చీ పక్కన గచ్చు మీద ఠక్కున పెట్టాను. "నా మీద కోపమా? నేనేం చేశాను? పడి చావమంటారా?" అని కుర్చీని కడిగేశాను. అరిచి అరిచి ఆయాసంతో నేల మీద కూలబడ్డాను. అప్పుడు కనిపించింది.

పాత స్ప్రింగు ఫ్లాస్కు మూత దాకా లేదు. మెడ దగ్గరే ఆగిపోయింది. నిన్న విడివిడిగా ఉన్న చుట్లు ఒకదాని మీదికి ఒకటి జరిగి ఉన్నాయి. దాని మీద ఏమీ లేదు. ఫ్లాస్కును ఇంకా దగ్గరికి జరిపి, వేళ్ళు అడ్డం పెట్టి చూశాను. నాలుగు వేళ్ళు.

నిన్న ఒంటి చేత్తో ఊపుకుంటూ తెచ్చిన స్ప్రింగు అది. రెండు చేతులా పట్టుకుని ఎత్తబోయాను. లేవలేదు. మోకాళ్ళు తన్నిపెట్టి లాగాను. కదల్లేదు.

చేతులు వదిలేశాను. భయం వెయ్యలేదు. ఎంత తేలిగ్గా అనిపించిందో ఎవరికి చెప్పేది? "సరే, కూర్చోండి," అన్నాను. "నన్నేమో రోజంతా దారి మధ్యలో నిలబెట్టి, మీరు మాత్రం ఇక్కడ కూర్చోండి."

ముఖం కడుక్కుని, టీ పొయ్యి మీద పెట్టి, మరిదికి ఫోన్ చేశాను. "అబ్బాయ్, పని ఆపేసి ఒకసారి ఇంటికి రా," అన్నాను. "మీ అన్నయ్య ఇంట్లోనే ఉన్నారు."