ఎర్రబొట్టు విమానం

టెక్కలి తాలూకా ఆఫీసు గుమాస్తా దక్షిణామూర్తి సైకిలు దిగేసరికి సూర్యం పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. నేలలో పాతిన ఇనపగునపం మీద కాయ దిగేయడం, ఒక్క తిప్పు తిప్పడం, పీచు చర్రున చీలడం. తాతలనాటి గునపం అది. ఒక్కసారి తప్ప దాన్నెవరూ నేలలోంచి పెరికింది లేదు.

గుమాస్తా అట్టపెట్టె విప్పాడు. లోపల తీరికవేళల్లో తానే పనసకర్రతో చెక్కిన మూడు బొమ్మవిమానాలు. నాలుగేసి ఇంజన్లు, జంటతోకలు, మూరెడేసి రెక్కలు.

"యుద్ధంలో మీ తోటలో పడిందట కదయ్యా, లిబరేటర్ బాంబరు! విమానం ఒకటే గానీ ఏడాదికోలా మార్చారు. దీని ముక్కు గాజుది. దీనికి ముక్కులోనే తుపాకులు. దీనికి పొట్టకింద కూడా తుపాకి పెట్టిన గుండ్రటి గూడు. మీకు పడింది ఏ రకం?"

"గాజుముక్కే బాబూ. పొట్టకింద ఏటీ నేదు." సూర్యం తలెత్తలేదు. అతని తల్లి, పేరు పెద్దతల్లి, వచ్చినాయనకి మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది.

"మనుషులో?"

"అందరూ కాలిపోనారు. పోలీసులకి అప్పుడే సెప్పీసినాం."

ఊరందరికీ నోటికొచ్చిన జవాబు అది. పోలీసులు లేనప్పుడు ఊరు చెప్పుకునేది వేరు. జపానోణ్ణి పొడిచిన మగాడు సూర్యం. ఆ పేరు చూసే మామ తన కూతురు సింహాచలమ్మని అతనికిచ్చి పెళ్లి చేశాడు. పదమూడేళ్లుగా సూర్యం ఆ పేరు మీదే తలెత్తుకు తిరుగుతున్నాడు.

"ఇంకొక్కటే. రెక్కమీద ఎర్రబొట్టు ఉందా, లేదా?"

"ఉంది. జపానోడి సూరీడు."

"బొట్టు చుట్టూ తెలుపు, దాని చుట్టూ నీలం?"

సూర్యం చేతిలో కాయ ఆగింది. తెలుపుంది. నీలమూ ఉంది. ఆ రెండు రంగుల మాట ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

"ఉంటే?"

"ఉంటే ఇంగ్లీషువాళ్లది. మనవైపుదే. జపానుది వట్టి ఎర్రబొట్టు. రెండూ ఒకటనుకుని జనం పొరబడుతున్నారనే మీ తోటలో పడిన ఏడాదే బొట్టులోంచి ఎరుపు తీసేశారు. అందుకే అడగడం. బొట్టు తప్పితే బొమ్మంతా అబద్ధమే!"

జపానువాడు విశాఖపట్నం మీద బాంబులేసిన మరుసటేడు, మాఘమాసం. పది చెట్ల మొవ్వులు నరుక్కుంటూ విమానం తోటలో కూలింది. పగిలిన గాజుముక్కులోంచి ఒకడు పాక్కుంటూ వచ్చాడు. మొహమంతా మసి. ఒక కాలు మోకాలి దగ్గర వెనక్కి తిరిగిపోయింది. "జపానోడ్రా!" అని తండ్రి రామూర్తి మొదటి కర్ర వేశాడు. పళ్లు ఇసకలో రాలాయి. తర్వాత ఎనిమిది కర్రలు లేచాయి. వాడు చేతులు అడ్డం పెడితే చేతులు విరిచారు. అయినా వాడు నెత్తుటి నురగలోంచి ఒకే మాట, మళ్లీ మళ్లీ. ఆ మాట వినలేకే పద్దెనిమిదేళ్ల సూర్యం ఈ గునపం పెరుక్కొచ్చి రొమ్ములో దిగేశాడు. ఒక్క తిప్పు తిప్పాడు. పీచు చీలినట్టే చప్పుడైంది. మంటలు ఆరకముందే శవాన్ని ఇసకదిబ్బలో కప్పేశారు.

"బాబూ, జపానోడి మాటలో 'వాటరు' అంటే ఏటి?"

దక్షిణామూర్తి పకపకా నవ్వాడు. "జపానేటయ్యా నీ మొహం! ఇంగ్లీషది. నీళ్లు."

నవ్వు సగంలో తెగింది. "అందరూ కాలిపోయారన్నావు. మరి ఆ మాట ఎవరన్నారు?"

గునపం ఎప్పుడు పెరికాడో సూర్యానికే తెలీదు. గుమాస్తా వీపు కొబ్బరిమానుకి ఠప్పున కొట్టుకుంది. రెండు విమానాలు కాళ్లకింద పటపటా విరిగాయి. గునపం మొన గొంతుగుంటలో ఆనింది. చర్మం చిట్లి, తెల్లచొక్కా మీద ఒక చుక్క పడింది. గుండ్రంగా, ఎర్రగా.

"ఎవులికి సెప్తావు? సెప్పు! ఎవులికి సెప్తావు?"



"ఒరే సూర్యం!" చెంబుతో వచ్చిన పెద్దతల్లి ఇద్దరి మధ్యకీ దూరింది. కొడుకు చెంప ఛెళ్లుమనిపించింది. "ఒకణ్ణి సంపింది సాల్లేదేట్రా? ముందు ఆ బాబుని నీళ్లు తాగనీ!"

సూర్యం వేళ్లు వదులయ్యాయి. గునపం ఇసకలో పడింది.

దక్షిణామూర్తి తాగిన నీళ్లు సగం మెడమీంచి కారాయి. వంగి, మిగిలిన విమానాన్ని ఏరుకున్నాడు. గాజుముక్కుది, రెక్కమీద ఎర్రబొట్టు వేసింది.

"తుడిచేస్తాను సూర్యం. బొట్టు మీద తెల్లరంగు పూసేస్తాను. మీ తోటలో పడింది వేరే రకమంటాను."

సూర్యం అతని చెయ్యి పట్టుకున్నాడు, ఈసారి మెత్తగా.

"తుడిసీయకు బాబూ. ఉన్నదాన్ని ఉండనీ. సుట్టూ తెలుపు, నీలం కూడా. సూర్యం సూసినాడని సెప్పు."

గునపం తీసి భుజాన వేసుకున్నాడు. పెరట్లో అది పాతి ఉన్న చోట గుంట నోరు తెరుచుకుని ఉంది.

"గునపం ఎందుకురా, ఎక్కడికి?" అంది పెద్దతల్లి.

"ఇసకదిబ్బ కాడికి. ఆణ్ణి పైకి తియ్యాల. నేకపోతే పోలీసులకి ఏటి సూపించను?"