మనసులో మాటకి మబ్బు

"ఇంకు ఆరిందో లేదో చూసి రబ్బరు పట్టు. పోయినసారిలా హీరో మీసం అలికెయ్యకు" అన్నాడు మావాడు. మా కోడలు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

మావాడిది బొమ్మల కథల పుస్తకాలు గీసే పని. పెన్సిలుతో మనుషుల్ని గీయడం వరకే వాడు. ఆ గీతల మీద ఇంకు పెట్టడం, నలుపు నింపడం, వెనకాల ఇళ్ళూ కిటికీలూ గీయడం, ఆరాక పెన్సిలు చెరపడం అంతా ఆ పిల్లే. పుస్తకం మీద పేరు మాత్రం వాడొక్కడిదే. ఎవరైనా అడిగితే "మా ఆవిడా? ఖాళీయే కదా, కాస్త రబ్బరు పడుతుంది" అంటాడు. "ఖాళీ అంటే కుక్కరు కూతకీ కూతకీ మధ్య ఉండేదే కదా మావయ్యా" అని నాతో అని నవ్వేది. ఆ నవ్వు కళ్ళదాకా వచ్చేది కాదు.

ఆ రోజుల్లో వాడి పుస్తకాలు అచ్చేసే కంపెనీ, ఏదైనా సినిమాల వరసని బొమ్మల పుస్తకంగా తేవాలనుకుంది. ఏ సినిమాలు బాగుంటాయో అడగడానికి ఎడిటరమ్మ మా ఇంటికే వచ్చింది. మా కోడలికి మాత్రం ఎప్పటినుంచో ఒకే కోరిక. లాంచీ నడిపే ఆడమనిషి మీద మూడు సినిమాలు వచ్చాయి, పెద్దగా ఆడలేదు. వాటిని బొమ్మల పుస్తకంగా తేవాలని. టీవీలో వచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని బట్టలు మడత పెడుతూ చూసేది. "ఆవిడ చుక్కాని పట్టుకుని నీళ్ళకేసి చూస్తుందా, వెనక వయొలిన్ మోగిస్తారు. ఏమనుకుంటోందో మనకి చెప్పరు. వయొలినే చెప్పేస్తుందనుకుంటారు కాబోలు" అనేది. ఈ మాట మొగుడికి చెబితే "సరేలే, ముందు ఆ కిటికీలు పూర్తిచెయ్యి" అన్నాడట.

మావాడు ఎడిటరమ్మకి పోలీసు సినిమాల గురించి ఊదరగొట్టాడు. కార్లు గాల్లోకి లేస్తాయట, మేడలు కూలతాయట.

"అవన్నీ తెర మీదే బాగుంటాయి బాబూ. కాగితం మీద కారు కదలదు కదా. పుస్తకంలో కొత్తగా ఏం వస్తుంది?" అందావిడ.

వాడు బుర్ర గోక్కున్నాడు. టీ తెచ్చిన కోడలు కప్పులు పెట్టి అక్కడే నిలబడిపోయింది. ఇప్పుడు నోరు తెరవకపోతే ఇక జన్మలో తెరవలేననిపించిందట.

"లాంచీ ఆవిడ సినిమాలైతే కొత్తది వస్తుందండీ" అంది.

"నువ్వు బిస్కెట్లు తే" అన్నాడు మావాడు.

"తెస్తాను. సినిమాలో ఆవిడ మనసులో మాట వినపడదు. మన పుస్తకంలో తల మీద మబ్బు గీసి, అందులో రాయొచ్చు కదండీ. ఆ మూడు సినిమాలకీ తక్కువైంది ఆ మబ్బే."

ఎడిటరమ్మ కప్పు కింద పెట్టేసింది. "ఒక పేజీ చూపించగలరా?"

"వారంలో గీసిస్తానండీ, ఇది ఇంకు పెడుతుంది" అన్నాడు వాడు.

"నేను గీస్తాను" అంది కోడలు. ఎడిటరమ్మ కోడలి వైపే చూసి తలూపింది.

గీసింది. తమాషా ఏమిటంటే, ఎన్నేళ్ళనుంచో లోపల దాచుకున్న మాటలు కదా, ముందు మబ్బే మొదలెట్టింది. అది పేజీ అంతా పాకింది. మనిషిని పెట్టడానికి చోటే లేదు, మూలన చుక్కాని మీద రెండు చేతులు మాత్రం పట్టాయి. మావాడు చూసి పగలబడి నవ్వాడు. "బొమ్మల పుస్తకంలో బొమ్మేదే?" పిల్ల ముఖం మాడిపోయింది. అయినా చింపలేదు, అలాగే పంపించింది.

మర్నాడే ఫోను. "ఆ చేతులు చాలమ్మా. మనిషిని తర్వాతి పేజీలో చూపిద్దాం. మూడు పుస్తకాలూ మీరే గీయండి, మీ పేరే వేస్తాం" అంది ఎడిటరమ్మ. కోడలు ఫోను పెట్టేసి, నా పక్కన కుర్చీలో కూలబడి, ఎంత పొడుగు ఊపిరి వదిలిందంటే, ఇన్నేళ్ళూ ఆ పిల్ల సగం ఊపిరితోనే తిరిగిందా అనిపించింది నాకు. కళ్ళనిండా నవ్వింది.

లోపలినుంచి మావాడు కేకేశాడు. "ఏమే, ఈ పేజీలకి నలుపు నింపాలి, రా!"

ఆ పిల్ల కదల్లేదు. గొంతూ పెంచలేదు.

"నాకు పనుందండీ" అంది.