పట్టపగలు పెకలించిన రోలు

నేను ఒక రుబ్బురోలును. నల్లరాతిదాన్ని. రాళ్లకు నిద్ర ఎక్కువ. మీకు ఏడాది గడిచేసరికి మాకు ఒక కునుకు తీరుతుంది. అందుకని నన్ను తేదీలు అడగకండి. వాన ఎప్పుడు పడిందో, ఎవరి చెయ్యి బరువుగా ఉందో, ఎవరి గొంతు వణికిందో చెప్పమంటే చెబుతాను.

చీమకుర్తి దాపున ఒక గుట్టలో కళ్లు మూసుకుని పడి ఉన్న నన్ను యల్లమంద అనే రాళ్లు కొట్టే మనిషి ఉలితో లేపాడు. తొమ్మిది రోజులు కొట్టాడు. పొట్టలో గుంట తీశాడు, ఆ గుంటకు సరిపడా పొత్రం చెక్కాడు. కొట్టేటప్పుడల్లా, "పదిమంది కడుపు నిండాలంటే నీ కడుపు ఖాళీగా ఉండాల తల్లీ, ఓర్చుకో" అనేవాడు. గుట్టను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. గుట్ట కూడా ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు.

రోడ్డు పక్కన అమ్మకానికి పెట్టిన రోళ్ల వరసలో మస్తానమ్మ నన్ను ఏరుకుంది. రాయితో అంచు మీద ఒక్క దెబ్బ కొట్టి చెవి దగ్గరగా పెట్టి విన్నది. నేను ఖంగుమన్నాను. "పగులు లేదు. ఇదే కావాల" అన్నది. ఒంగోలుకు పడమరగా ఉన్న చిన్న ఊళ్లో, బస్టాండు ఎదుట, అప్పుడే ఇడ్లీ కొట్టు పెట్టుకుంది ఆమె. కొట్టు మాలకొండయ్యది, అద్దెకు తీసుకుంది. ఆయన కాపురం ఆ వెనక ఇంట్లోనే. వెనక వసారాలో గచ్చు తవ్వించి, నన్ను సగందాకా పాతించి, చుట్టూ సిమెంటు పూయించింది. మళ్లీ నేల చల్లదనం తగిలేసరికి గుట్టలోకే తిరిగి వచ్చాననుకుని నిద్రపోయాను.

ఆ నిద్ర పంతొమ్మిదేళ్లు సాగింది. పొద్దున పచ్చడి, మధ్యాహ్నం కొట్టు కట్టేశాక మినప్పప్పు. మస్తానమ్మ కుడిచేత్తో పొత్రం తిప్పుతూ ఎడమచేత్తో పిండి తోసేది. ఏవేవో పాత మాటలు తనలో తాను చెప్పుకునేది. పిండి నురగకట్టి పైకి లేస్తుంటే నాకు మబ్బులు నా కడుపులో తిరుగుతున్నట్టుండేది. నేను అరిగాను. ఆమె జుట్టు నెరిసింది. మా ఇద్దరిలో ఎవరు ముందు అరిగిపోతారో అని కాబోలు, అప్పుడప్పుడు నా అంచును తడిమి చూసేది.

బస్సు దిగినవాళ్లు ఆ పచ్చడి కోసం ఇంకో బస్సు వదులుకునేవాళ్లు. అదే కొంప ముంచింది. మాలకొండయ్యకు ఒక ఆలోచన పుట్టింది. జనం వస్తున్నది తన కొట్టుకు గదా, ఆ వ్యాపారమేదో తన అల్లుడే చేసుకుంటే పోలా? నెల గడువిచ్చి ఖాళీ చెయ్యమన్నాడు. మస్తానమ్మ గొడవపడలేదు. గిన్నెలు, బల్లలు, పొయ్యి కొత్తగా చూసుకున్న ఒక రేకుల షెడ్డుకు తరలించింది. గురువారం తాళంచెవి మాలకొండయ్య చేతిలో పెట్టింది. నన్ను లేపడం ఒక్క మనిషి పని కాదు గనక శుక్రవారం ఇద్దరు కూలీలను, గడ్డపారలను వెంటబెట్టుకుని వచ్చింది. పొద్దున పది గంటల వేళ. వసారాకు తలుపు లేదు, తాళమూ లేదు. గచ్చు పగిలింది. నేల నన్ను వదిలేటప్పుడు పన్ను ఊడినట్టయింది.

చీరాల పోయిన మాలకొండయ్య సాయంత్రం తిరిగొచ్చి వసారాలో గుంట చూశాడు. పచ్చడి రుచంతా రాతిలోనే ఉందని నమ్మిన మనిషి. నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లి, తన ఇంటి రోలును మస్తానమ్మ దొంగిలించిందని రాసిచ్చాడు.

మర్నాడు రేకుల షెడ్డు ముందు జీపు ఆగింది. మస్తానమ్మ ఇడ్లీలు దింపుతోంది.

"నా రోలును నేను దొంగతనం చెయ్యడమేంది సామీ?" అన్నది.

"అయ్యన్నీ కోర్టులో చెప్పుకోమ్మా" అన్నాడు హెడ్ కానిస్టేబులు ఏసుపాదం. మంచివాడే, కానీ కాగితం రాసేటప్పుడు మనిషి మొహం చూడడు. రోలు ఒకటి, పొత్రం ఒకటి అని విడివిడిగా రాసుకున్నాడు. తల్లీబిడ్డల్ని వేరుగా లెక్కేసినట్టనిపించింది నాకు. తినడానికి వచ్చినవాళ్లు ఆకులు పట్టుకుని నిలబడిపోయారు. ఆమె వాళ్లవైపు చూడలేకపోయింది.

స్టేషను వెనక కానుగచెట్టు కింద రెండున్నరేళ్లు ఉన్నాను. నా కడుపులో వాన నిండింది. మైనాలు వచ్చి నీళ్లు తాగాయి. కానుగపూలు రాలి తేలాయి. రాత్రీ పగలూ తేడా లేకుండా నేను కలలు కన్నాను: మినప్పిండి వాసన, గుట్ట లోపలి చీకటి, గాజుల చప్పుడు. నా పక్కనే తుప్పుపట్టిన సైకిళ్లు, ఒక కుట్టుమిషను. అన్నీ ఎవరివో ఒకరివి. ఏదీ ఎవరి దగ్గరా లేదు. మనుషులు 'నాది' అని ఎంత గట్టిగా అంటే వస్తువు అంత దూరం పోతుందేమో అనుకున్నాను.

ఈలోపు మస్తానమ్మ మిక్సీలో రుబ్బింది. బేరం సగమైంది. రుచి తగ్గినందుకు కాదు. "రోలు దొంగ" అని ఎవరో అన్న మాట బస్టాండు దాటి ఊరంతా తిరిగింది.

ఒకనాడు వకీలు జిలానీ ఆమెను వెంటబెట్టుకుని నన్ను చూడటానికి వచ్చాడు. "మాలకొండయ్య రాజీకొస్తానంటున్నాడమ్మా. రోలు వదులుకుని, తప్పయిందని ఒక్క మాటంటే కేసు పోతుంది. రోలుదేముంది, ఇంకోటి కొనుక్కోవచ్చు" అన్నాడు.

మస్తానమ్మ నాలోని నీళ్లలో తన నీడను చూసుకుంది. "రోలు పోతే పోయిందిలే బాబూ. తప్పయిందంటే ఆ మాట నాతోనే కాటికొస్తది. నేననను."

"ఓడిపోతే శిక్ష పడుద్దమ్మా."

"పడనీ."

విచారణ రోజున నలుగురు నన్ను మోసుకొచ్చి కోర్టు హాల్లో గోడవార దించారు. ప్రభుత్వ వకీలు నావైపు వేలు చూపించాడు. నేలకు అంటుకుని ఉన్న వస్తువు కదిలే ఆస్తి కాదు, దాన్ని దొంగిలించడం కుదరదు. కానీ నేల నుంచి విడిపోయిన మరుక్షణం అది కదిలే ఆస్తే, ఆ విడదీసి తీసుకెళ్లడమే దొంగతనం అన్నాడు. పైగా తాళంచెవి ఇచ్చేశాక ఆ చోటు మాలకొండయ్య స్వాధీనంలో ఉంది, స్వాధీనంలోంచి అడగకుండా తీస్తే సొంతదారైనా దొంగే కావచ్చు అన్నాడు.

ఆ మాటలు వింటుంటే నాకు తల తిరిగినట్టయింది. గడ్డపార పడకముందు నేను నేలనట. పడ్డాక సొత్తునట. ఆ రెంటి మధ్య కన్నుమూసి తెరిచేంతసేపు నేనేమిటి? అప్పుడు నేను ఎవరిదాన్నీ కాదు కాబోలు. ఆ ఒక్క క్షణం ఎంత హాయిగా ఉండి ఉంటుందో, గుర్తుచేసుకుందామంటే గుర్తులేదు.

తర్వాత మాలకొండయ్య భార్య ఆదెమ్మను పిలిచారు. ఆమె ఫిర్యాదు వైపు సాక్షి. ఏం చెప్పాలో మొగుడు ఇంట్లో పదిసార్లు వల్లె వేయించాడట. బోనెక్కి కొంగు చివర వేళ్లకు చుట్టుకుంది. ప్రభుత్వ వకీలు అడిగినవాటికి ఊ, ఆ అని ఊరుకుంది. జిలానీ లేచాడు.

"రోలు తీసుకెళ్లేటప్పుడు మీరు ఇంట్లోనే ఉన్నారామ్మా?"

"ఉన్నానయ్యా."

"మీకు చెప్పిందా?"

ఆదెమ్మ మొగుడివైపు చూసింది. అతను కనుబొమలు ముడిచాడు. ఆమె చూపు దించి నామీద నిలిపింది.

"చెప్పింది. 'ఆదెమ్మక్కా, నా రోలు తీసకపోతన్నా' అనింది. మంచిదన్నాను. ఆ కూలోళ్లకి మంచినీళ్లిచ్చింది నేనే."

"రోలు మీ ఇంటిదేనా?"

"మేం కొట్టు కట్టినప్పుడు వసారాలో ఏమీ లేదయ్యా. ఆమె తెచ్చుకుంది. పాతినరోజు దానికి పసుపు కుంకం పెట్టింది నేనే. అబద్ధమెట్టా చెప్పేది?"

మాలకొండయ్య లేచి బయటికి పోయాడు.

పది రోజుల తర్వాత తీర్పు. మేజిస్ట్రేటు ఒక నడివయసు స్త్రీ. ఇంగ్లీషులో చదివి, మస్తానమ్మ మొహం చూసి, తెలుగులో చెప్పింది: "వస్తువు ఎవరిది, ఎవరి స్వాధీనంలో ఉంది అనేవి తర్వాతి సంగతులు. దొంగతనానికి ముందు దొంగబుద్ధి ఉండాలి. తనదేనని నమ్మి, ఇంటావిడకు చెప్పి, పట్టపగలు తీసుకెళ్లిన మనిషిలో అది లేదు. కేసు కొట్టేస్తున్నాను. రోలు ఆమెకు ఇచ్చెయ్యండి."

"అయితే నేను దొంగని గాదా అమ్మగారూ?"

"కాదమ్మా."

"కొంచెం గట్టిగా చెప్పండమ్మా. బయట జనం ఉన్నారు."

మేజిస్ట్రేటు కలం కింద పెట్టింది. హాలు దాటి వరండా దాకా వినపడేట్టు, "నువ్వు దొంగవు కావు మస్తానమ్మా" అన్నది. అప్పటిదాకా కన్నీరు పెట్టని మనిషి అక్కడే గచ్చు మీద కూలబడి ఏడ్చింది.

ఇప్పుడు నేను రేకుల షెడ్డు పక్కన పందిరి కింద ఉన్నాను. ఈసారి పాతించలేదు. కింద గోనెపట్టా పరిచి ఊరికే నిలబెట్టింది. ఉప్పు వేసి మూడుసార్లు కడిగింది. తీరా పప్పు పోసి పొత్రం పట్టుకునేసరికి కుడి జబ్బ లేవలేదు. రెండున్నరేళ్లలో కీలు పట్టేసింది. రెండు చుట్లు తిప్పి ఆగిపోయింది. నా అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఎంతసేపో తెలియదు. పందిరి కిందికి ఒక నీడ వచ్చింది. ఆదెమ్మ. తీర్పు తర్వాత ఇద్దరూ ఎదురుపడటం అదే మొదలు.

"మీ ఆయనకు తెలిస్తే?" అన్నది మస్తానమ్మ, తల ఎత్తకుండానే.

"తెలిసే వచ్చాలే. సాక్ష్యం చెప్పినకాడ్నించీ ఆయనతో మాటల్లేవు" అంటూ ఆదెమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని నాకు అటువైపు చతికిలబడింది. "నువ్వు పిండి తొయ్యి. నేను తిప్పుతా."

పొత్రం కదిలింది. ఆ చెయ్యి నాకు కొత్త. ఒకసారి బరువుగా పడుతోంది, ఒకసారి తేలిపోతోంది. పప్పు చింది ఇద్దరి చీరలమీదా పడింది. మస్తానమ్మ నవ్వింది. "మెల్లిగా అక్కా, మెల్లిగా" అన్నది. పిండి నెమ్మదిగా నురగ పట్టసాగింది. నాకు మళ్లీ నిద్ర ముంచుకొచ్చింది.