దాలినాయుడి ముక్కులో నావాళ్ళు

మంగళవారం నుంచి నా ముక్కులోని సూక్ష్మజీవులు పక్క బల్ల దాలినాయుడి ముక్కులో కాపురం ఉంటున్నాయి. చెప్పి వెళ్ళలేదు. తుడిచి మాత్రం వెళ్ళాయి.

వాటి పేరు స్టెఫైలోకాకస్ ఆరియస్. అంటే బంగారు ద్రాక్షగుత్తి. ముగ్గురిలో ఒకరి ముక్కులో బుద్ధిగా ఉంటుంది. చర్మం తెగితే లోపలికి దిగి కురుపు లేపుతుంది, నెత్తుట్లో కలిస్తే గుండె దాకా పోతుంది. అందరికీ ముక్కు మీద కోపం ఉంటుంది, నాకు ముక్కు మీద పరిశోధన ఉంది, పదకొండేళ్ళుగా. నా ముక్కులోది కొత్త రకం. శుక్రవారం మా ప్రొఫెసర్ హైమవతి గారు దానికి పేరు పెడతారు. ఎవరి ముక్కులో దొరికితే వాళ్ళ పేరు.

ల్యాబులో మా ముక్కుల్లోవి పెంచే గాజు పళ్ళేలు తీసి చూస్తాను. నాది నున్నగా, గుండులా ఉంది. దాలినాయుడి పళ్ళెంలో బంగారు చుక్కలు, పెళ్ళివారు దిగినట్టు. నాకు కుళ్ళు మొదలవుతుంది. వైద్యపరంగా కాదు.

"ఏటి పరాంకుశం గారూ, అలగ సూత్తన్నారు? నా ముక్కుకి దిష్టి తగిలీగల్దు."

"చీమూ నెత్తురూ ఉన్నవాడివైతే నావి నాకు ఇచ్చెయ్."

"ఆ రెండూ ఉన్నాయనే గదండీ వచ్చినాయి."

మైక్రోస్కోపు మీదకి వంగి వాటినే అడుగుతాను, నేనేం తక్కువ చేశానని.

"మీరు రోజూ పరీక్ష పెడతారు. ఆయన తుమ్ముతాడు. నిన్న సిటీ బస్సులో బీచికెళ్ళొచ్చాం."

"నేనూ తుమ్ముతాను కదా!"

"మీరు రుమాలు అడ్డం పెట్టి తుమ్ముతారండి."

గురువారం రుమాలు ఇంట్లో వదిలేసి, పెద్ద పట్టు ముక్కుపొడి పీలుస్తాను. తుమ్ము వస్తుంది. దాంతోపాటు నేనూ వచ్చేస్తాను. నా దేహం బల్ల ముందు మర్యాదగా కూర్చునే ఉంటుంది. నేను తుంపర్లో తేలుతుంటాను.

"శతాయుష్షు!" అని దాలినాయుడు గట్టిగా గాలి పీలుస్తాడు. ఆ గాలితో లోపలికి పోతాను.

లోపల వెచ్చగా ఉంది. నావన్నీ అక్కడే, గుత్తులు గుత్తులుగా. నన్ను చూసి జరుగుతాయి. చోటివ్వడానికి కాదు.

"ఇంటికి పదండి," అంటాను.

"ఎవరింటికి?"

"నా ఇంటికి."

"అందుకే రాలేమండి."

శుక్రవారం పొద్దున స్తంభమంత దూదిపుల్ల లోపలికి వస్తుంది. అవన్నీ గోడకి నక్కుతాయి. దూది నన్నొక్కడినే అంటించుకుని బయటకు తీస్తుంది. నెత్తురు కలిపిన ఎర్రటి పళ్ళెం మీద నన్ను పూస్తారు. పైన కిటికీ అంత కన్ను, హైమవతి గారిది.

"ఇలాంటిది ఇంతవరకూ చూడలేదయ్యా! ఎవరి ముక్కులోది?"

"నాదేనండి మేడమ్," అంటాడు దాలినాయుడు. సిగ్గుపడుతూ మరీ అంటాడు.

ఆవిడ మూత మీద అతని పేరు రాస్తారు. కింద నుంచి అది తిరగబడి కనిపిస్తుంది. ఒక్కొక్క అక్షరం నీడా నా మీద పడుతుంది.

కాదని అరవబోతాను. నోటికి బదులు నడుం దగ్గర సన్నని గీత తెరుచుకుంటుంది. అరగంటలో ఇద్దరినవుతాను. ఎర్రటి నేల మీద భుజం భుజం ఆనించుకుని ఉన్నాం. రెండోవాడు నాకంటే పచ్చగా ఉన్నాడు. పైగా వాడి నడుం మీద అప్పుడే ఇంకో గీత.